ఇంజన్ గడిలో కర్రెద్దు

గొర్లె అప్పలసూరికి లోకంలో గట్టి నమ్మకం మూడింటి మీద: ఊరి అమ్మవారు, పెళ్లాం పైడమ్మ, తన చిన్న పికప్ బండి. మొదటి ఇద్దరూ ఎన్నడూ అతన్ని నడిదారిలో వదిలేసింది లేదు. బండి మాత్రం జామిగుడ ఘాట్ ఐదో మలుపులో ప్రతి సంతకీ వదిలేసేది.

జామిగుడ కొండకి అవతల పల్లంలో ఉంది. అక్కడి అనాసపండు కోస్తే కత్తికి కూడా తీపి అంటుకుంటుందని సంతలో అంటారు. ఆ పండు నాగులవలస సంతకి రావాలంటే ముందు పల్లంలోంచి కొండెక్కాలి, తర్వాత ఇటు దిగాలి. బస్సు ఆ ఊరి మొహం ఎరగదు. లారీ ఆ మలుపులు తిరగలేదు. అప్పలసూరి బండి తిరుగుతుంది గాని బరువుతో ఎక్కలేదు. దాని చిన్న పెట్రోలు ఇంజను చదునుగా ఉన్నంతసేపూ పెళ్లివారి కారులా పరిగెత్తేది. ముప్ఫై గంపల పళ్లు వేసి కొండ చూపిస్తే ఆయాసం వచ్చి కూర్చునేది. అందుకని ఐదో మలుపు వచ్చేముందు పైడమ్మ ఒళ్లో ఓ రాయి పెట్టుకుని, తలుపు సగం తీసి, సిద్ధంగా ఉండేది. బండి ఆగి వెనక్కి జారబోయే క్షణంలో కిందికి దూకి వెనక చక్రం కింద రాయి తోసేది. తర్వాత సగం గంపలు దింపుకోవడం, బండి పైకి ఎక్కాక వాటిని నెత్తిన మోసుకెళ్లి మళ్లీ ఎక్కించడం. నాలుగేళ్లు ఇలాగే జరిగింది.

ఐదో ఏట వానల్లో ఒకరోజు రాయి జారింది. చక్రం పైడమ్మ కాలి బొటనవేలి మీదుగా వెళ్లింది.

“పళ్లు నలిగినాయేటి?” అని అడిగింది ఆవిడ, వేలు పట్టుకుని కూర్చుని.

అప్పలసూరి ఆవిడ వేలికి తువ్వాలు చుట్టాడు. ఆ సాయంత్రమే దాలినాయుడి దగ్గరికి వెళ్లాడు.

దాలినాయుడు నాగులవలస బైపాస్ పక్కన రేకుల షెడ్డులో మెకానిక్కు. బండి లోపలికి రాకముందే దాని చప్పుడు విని జబ్బు చెప్పేస్తాడు. అతని షెడ్డు వెనకాల ఓ పెద్ద వ్యాను పడి ఉంది. సముద్రపు గాలికి బాడీ అంతా తుప్పు పట్టి రాలిపోయింది గాని, లోపల డీజిల్ ఇంజను మాత్రం రాయిలా ఉంది.

“దీన్ని నా బండిలో కూకోబెట్టగలవా బావా?” అన్నాడు అప్పలసూరి.

దాలినాయుడు ఇంజనునీ, బండినీ మార్చి మార్చి చూశాడు. “పీటల మీద కూకోబెట్టాల. పిల్ల సిన్నది, పిల్లోడు పెద్దోడు. అయినా అవుద్ది.”

పదకొండు రోజులు పట్టింది. పాత ఇంజను కూర్చునే పట్టీలు కోసి కొత్తవి వెల్డింగ్ చేశాడు. గేరుబాక్సు కూడా ఆ వ్యానుదే తెచ్చి బిగించాడు. వెనక చక్రాలకి శక్తి తీసుకెళ్లే పొడుగాటి షాఫ్టుని లేతు మీద జానెడు తెగ్గొట్టించాడు. ముందు బరువు పెరిగిందని కమాను కట్టల్లో ఒక్కో పట్టీ అదనంగా వేశాడు. రేడియేటరు కూడా పెద్దదే పెట్టాల్సి వచ్చింది. అంతా అయ్యాక బోనెట్ మూత పడలేదు. దాన్ని సుత్తితో కొట్టి కొట్టి ఓ మూపురం తీశాడు.

మొదటిసారి ముప్ఫై గంపలతో ఐదో మలుపు ఎక్కినప్పుడు పైడమ్మ అలవాటు కొద్దీ తలుపు తీసింది. బండి ఆగలేదు. ఆరో మలుపు, ఏడో మలుపు దాటి కొండ నెత్తికెక్కాక ఆవిడ మెల్లగా తలుపు వేసి, చీర చెంగుతో కళ్లు తుడుచుకుంది.

ఇక్కడితో ఆగితే ఇది ఇంజను కథ అయ్యేది. కాని పైడమ్మ నిజాయితీ మనిషి.

“బండి సి-బుక్కులో పెట్రోలని ఉంది. లోపల డీజిలుంది. సెక్‌పోస్టు కాడ దొంగల్లాగ తలొంచుకుని ఎన్నాళ్లెళ్తాం? ఆఫీసుకెళ్లి రాయించీసుకుందాం,” అంది.

“ఆఫీసా?” అన్నాడు దాలినాయుడు. అతను ఇంజన్లకి తప్ప దేనికీ భయపడడు. ఇంజన్లకి కూడా భయపడడు. అయినా ఆ మాటకి చేతిలో పానా కింద పెట్టేశాడు. “ఒగ్గీయండమ్మా. ఇంజను మార్సడం నా పని, పదకొండు రోజులైంది. కాయితం మార్సడం ఆళ్ల పని. నాకు తెలిసి ఎవుడూ పూర్తిగా సూడనేదు.”

పైడమ్మ వినలేదు. సోమవారం పొద్దున్న పదింటికి మొగుడూ పెళ్లాలు బండి వేసుకుని నాగులవలస రవాణా కార్యాలయానికి వెళ్లారు.

ఆ నెలలోనే ఆ కార్యాలయంలో ‘ఏడు నిమిషాల సేవ’ అనే పథకం మొదలైంది. గుమ్మానికి పెద్ద బ్యానరు కట్టారు. గోడకి కొత్త గడియారం పెట్టారు. పని పూర్తయిన ప్రతి మనిషికీ ఓ గులాబీ ఇచ్చి ఫొటో తీసి పైకి పంపిస్తున్నారు. జనానికి బ్రేకు ఇన్‌స్పెక్టరుగా, కాగితం మీద మోటారు వాహనాల తనిఖీ అధికారిగా ఉండే పరాంకుశరావు గారు ఆ పథకానికి బాధ్యుడు. ఆయన మంచివాడు. లంచం ముట్టడు, టీ కూడా తన డబ్బుతోనే తాగుతాడు. మాటకి ముందు ‘సదరు’, మాట చివర ‘మేరకు’ లేకుండా మాట్లాడితే ఉద్యోగం పోతుందేమో అన్నంత జాగ్రత్తగా మాట్లాడతాడు, అంతే.

“ఏం మార్చారు?” అన్నాడు ఆయన.

“ఇంజను బాబుగారూ. పెట్రోలుది తీసీసి డీజిలుది ఎట్టీసినాం.”

“సదరు విషయానికి రెండు దరఖాస్తులు. ఒకటి ఇంజన్ తొలగింపు. రెండు ఇంజన్ అమరిక. తొలగింపు ఏడు నిమిషాల సేవలో ఉంది. అమరిక ఇంకా చేర్చలేదు.”

“మరి రెండోది?”

“ముందు తొలగించనివ్వండి.”

తొలగింపు ఆరున్నర నిమిషాల్లో అయిపోయింది. సిబ్బంది చప్పట్లు కొట్టారు. అప్పలసూరికి గులాబీ ఇచ్చి, నవ్వమని చెప్పి, ఫొటో తీశారు. పాత ఇంజను నంబరు ఉన్న గడి కంప్యూటర్లో ఖాళీ అయింది.

“అమరికకి బండిని తనిఖీకి ప్రవేశపెట్టాలి,” అన్నాడు పరాంకుశరావు.

“గుమ్మం ముందే ఉంది బాబూ. అదిగో.”

పరాంకుశరావు కిటికీలోంచి చూశాడు. బండి ముందు సీట్లో పైడమ్మ కూర్చుని ఉంది. బ్యాటరీ కొత్తది కాదు కాబట్టి ఆపొద్దన్నాడు దాలినాయుడు. అందుకని ఇంజను తిరుగుతూనే ఉంది.

“అది ఇక్కడికి ఎలా వచ్చింది?”

“నడుపుకుంటా వచ్చీసినాం.”

“ఎన్నింటికి?”

“పదింటికండి.”

“సరే. పదింటికి అందులో ఇంజన్ ఉంది. పదకొండూ ఆరుకి తొలగించాం. రికార్డు మేరకు సదరు వాహనంలో ప్రస్తుతం ఇంజన్ లేదు. ఇంజన్ లేని వాహనం రోడ్డు మీద కదలడం నేరం. నేరం సంగతి అటుంచి, అసంభవం.”

“సప్పుడు ఇనబడతంది కదా బాబూ!”

“చప్పుడు రికార్డు కాదు.”

అప్పలసూరి తల గోక్కున్నాడు. “మరి ఇంటికెలగ తీసుకెళ్లాల?”

పరాంకుశరావు పుస్తకం తిరగేశాడు. సాయం చేయాలనే ఆయన తాపత్రయం. “వేరే మోటారు వాహనంతో లాగిస్తే సదరు లాగుడు వాహనానికి ప్రత్యేక అనుమతి కావాలి. నలభై ఐదు పనిదినాలు. మోటారు కానిదేదైనా లాగితే మా శాఖ పరిధిలోకి రాదు. మీ ఇష్టం.”

అప్పలసూరి ఆరు కిలోమీటర్లు నడిచి చినపాలెంలో ఉన్న ఇంటికి వెళ్లాడు. పాకలో ఉన్న రెండు ముసలి ఎద్దుల్నీ విప్పాడు. నల్లది కర్రోడు, ఎర్రది ఎర్రోడు. దుక్కి రోజుల్లో తప్ప వాటికి పనిలేదు. పైడమ్మ వాటిని పిల్లల్లా చూసుకుంటుంది. వాటిని కార్యాలయానికి తోలుకొచ్చి, బంపరుకి కాడి కట్టి, మొగుడు ముకుతాడు పట్టుకుని ముందు నడుస్తుంటే, పైడమ్మ స్టీరింగు తిప్పింది. టీకొట్టు దగ్గర ఎవరో “డీజిల్ ధర అంత పెరిగిపోయిందేటి?” అని అడిగారు. అప్పలసూరి ఎద్దుల్ని అదిలించాడు.

రెండోరోజు అదే దారిన, అవే ఎద్దులతో, బండి తనిఖీకి వచ్చింది.

తనిఖీ పత్రంలో పద్నాలుగో ప్రశ్న: ‘వాహనం ఏ శక్తితో తనిఖీ స్థలానికి వచ్చినది?’ పరాంకుశరావు అబద్ధం రాసే మనిషి కాదు. ‘రెండు ఎద్దులు’ అని కొట్టాడు. కంప్యూటరు ఓ క్షణం ఆలోచించి, దానంతట అదే ఇంకో పత్రం తెరిచింది. పైన ‘పశుశక్తితో నడుచు వాహనములు’ అని ఉంది. వెనక్కి వెళ్లే మీట ఎంత నొక్కినా పని చేయలేదు.

“ముందుకే వెళ్దాం,” అన్నాడాయన.

బ్రేకు పరీక్ష జరిగింది. ఎద్దుల్ని ఆవరణలో పరిగెత్తించి, ఈల వేయగానే పైడమ్మ బ్రేకు తొక్కింది. ఎద్దులు రెండూ ఠక్కున ఆగి, తామేం తప్పు చేశామా అన్నట్టు వెనక్కి తిరిగి చూశాయి. హారను కొడితే కర్రోడు గంతేశాడు. ‘హారన్ సంతృప్తికరం’ అని రాసుకున్నాడు పరాంకుశరావు.

అన్నీ బాగున్నాయి, ఇంజన్ నంబరు గడి ఒక్కటే ఖాళీగా ఉంది. అది నింపితే గాని పత్రం మూసుకోదు. ఫైలు జిల్లా రవాణా అధికారిణి సౌదామిని గారి గదిలోకి వెళ్లింది. ఆవిడకి ఖాళీ గడి అంటే ఒళ్లు మంట. “ఖాళీ గడి ఉన్నచోట పాలన లేదు,” అని సమావేశాల్లో చెప్తుంటారు.

“ఇంజన్ అంటే ఏమిటి పరాంకుశరావు గారూ?”

“నిర్వచనం మేరకు, వాహనమును కదిలించు శక్తి మూలము మేడమ్.”

“సదరు వాహనాన్ని కదిలించింది ఎవరు?”

“ఎద్దులు మేడమ్.”

“ఎద్దుకి నంబరు ఉంటుందా?”

అప్పలసూరి నోరు జారాడు. “సెవికి పశువుల డాక్టరుగోరు ఎట్టిన పసుపు బిళ్ల ఉందండి. దాని మీద నంబరుంది.”

ఒకతను వెళ్లి కర్రోడి చెవి పట్టుకుని చదివి వచ్చాడు. పన్నెండు అంకెలు. ఇంజన్ గడిలో పట్టేవి కూడా పన్నెండు అంకెలే. సౌదామిని గారి మొహం వికసించింది.

“చూశారా! రెండు ఎద్దులు గదా, గడి ఒక్కటే ఉంది అంటారా? నల్లది ఇంజన్. ఎర్రదాన్ని స్టెప్నీ గడిలో వేయండి.”

“ఇంధనం మేడమ్? పెట్రోలు, డీజిలు, గ్యాసు, కరెంటు, ఇతరములు అని ఉన్నాయి.”

“ఇతరములు. వివరణలో ఎండుగడ్డి, తవుడు అని రాయండి.”

అప్పలసూరి రెండు చేతులూ జోడించాడు. “అమ్మగారూ, బండి ముందర డీజిలు ఇంజనుందండి. ఒక్కపాలి మూతెత్తి సూసీండి. మీ కాళ్లకి మొక్కుతాను.”

సౌదామిని గారు ఎంతో ఓర్పుగా చెప్పారు. “చూడు నాయనా. ఇంజన్ గడి ఇప్పుడే నిండింది. నిండిన గడికి ఇంకో ఇంజన్ని ఎలా చూస్తాం? నీకు పని అయిందా లేదా?”

పని అయింది. నాలుగోరోజున కొత్త సి-బుక్కు టపాలో వచ్చింది. పైడమ్మ అందులో కర్రోడి నంబరు చూసి, వాడి నుదుటి మీద కుంకుమ బొట్టు పెట్టింది. ఎంతైనా ప్రభుత్వం గుర్తించిన ఎద్దు.

ఆ బుక్కు పట్టుకుని అప్పలసూరి జామిగుడ బయలుదేరాడు. ఘాట్ మొదట్లో చెక్‌పోస్టు జవాను బుక్కు చదివి, బండి ముందుకి వెళ్లి చూశాడు, వెనక్కి వెళ్లి చూశాడు.

“ఇంజన్ ఏది?”

“ఏ ఇంజను బాబూ?”

“బుక్కులో ఉన్నది. నల్ల ఎద్దు.”

“ఇంటికాడ మేస్తంది.”

“ఇంజన్ని ఇంటి దగ్గర మేపుకుంటూ బండి ఒక్కదాన్నీ రోడ్డెక్కిస్తావా? ఎంత ధైర్యం! మరి ముందు ఆ చప్పుడు చేసేదేంటి?”

“డీజిలు ఇంజనండి.”

“అది బుక్కులో లేదు. బుక్కులో లేనిది బండి భాగం కాదు. బండి భాగం కానిది సరుకు. సరుకుకి వేబిల్లు కావాలి. ఇంజన్ బండిలో ఉండాలి, సరుకుకి బిల్లు ఉండాలి. ఈ రెండూ ఉంటే నిన్ను ఆపేవాడు లేడు.”

మర్నాడు అప్పలసూరి రెండూ పట్టుకెళ్లాడు. కర్రోడూ ఎర్రోడూ బండి తొట్టెలో పక్కపక్కన నిలబడ్డారు. చేతిలో ‘వాడిన డీజిల్ ఇంజన్ ఒకటి, బోనెట్ కింద రవాణా’ అని వేబిల్లు ఉంది. జవాను చదివి, సెల్యూటు కొట్టి గొలుసు దించాడు. డీజిల్ ఇంజను రెండెద్దుల బరువునీ లెక్కచేయకుండా మలుపులన్నీ ఎక్కేసింది. ఎద్దులు ఇటూ అటూ కొండలు చూసుకుంటూ, చల్లగాలికి చెవులు ఆడించుకుంటూ వెళ్లాయి. పుట్టి బుద్ధెరిగాక వాటికి అంత సుఖమైన ప్రయాణం లేదు.

జామిగుడలో కొర్రా సొంబరి ఎదురొచ్చింది. ఊళ్లో అనాస తోటలున్న ఆడవాళ్లందరికీ ఆవిడే పెద్ద. దారి పక్కన ముప్ఫై గంపలు నింపి పెట్టి పొద్దున్నించి కూర్చున్నారు.

“ఎద్దులకి కొండ సూపిత్తన్నావా సూరిబాబూ?” అంది.

అప్పలసూరి జరిగింది చెప్పాడు. సొంబరి అంతా విని, తొట్టెలో ఎద్దుల కాళ్ల మధ్య చోటు చూసింది. నాలుగు గంపలు పట్టాయి. దిగే దారిలో కర్రోడు అందులో ఒకటి తినేశాడు.

అలా మూడు సంతలు గడిచాయి. జామిగుడ దారి పక్కన మిగిలిపోయిన పళ్లు కుళ్లి, ఊరంతా పులిసిన వాసన వేసింది. ఈగలు ముసిరాయి. కొందరు ఆడవాళ్లు గంపలు నెత్తిన పెట్టుకుని పదకొండు కిలోమీటర్లు నడిచి సంతకి దిగారు. మూడో సంతరోజున సొంబరి అతనితో ఒకే మాట అంది.

“రానంటే రానని సెప్పు బాబూ. మేం మోసుకుంటాం. మా అమ్మలు మొయ్యనేదా? వత్తానని సెప్పి ఎద్దుల్ని మాత్రం తేకు. నిన్ను నమ్ముకుని పళ్లు కోసీసినాం.”

ఆ మాట అప్పలసూరికి అన్నం సహించనివ్వలేదు. రెండు రోజులు సి-బుక్కు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. మూడోరోజు పొద్దున్నే లేచి రవాణా కార్యాలయానికి వెళ్లాడు. ఈసారి చేతులు జోడించలేదు.

“బాబుగారూ, నా బండికి ఇంజను మార్సాల.”

“ఏ ఇంజన్?”

“కర్రెద్దుని తీసీసి డీజిలు ఎట్టాల.”

పరాంకుశరావు మొహం వెలిగింది. “అలా అడగాలి! సదరు పనికి ‘ఇంజన్ మార్పిడి’ అని ఒకటే దరఖాస్తు.”

“మరి మొదట్లో రెండన్నారు కదండీ?”

“అప్పుడు మీరు మార్చేసి వచ్చారు. ఇప్పుడు మార్చకముందే వచ్చారు. పద్ధతి అంటే ఇదీ. పాత ఇంజన్ని మా దగ్గర జమ చేసి రసీదు తీసుకోండి. జమ అయిన పదిహేను పనిదినాల్లో కొత్తది నమోదు చేస్తాం.”

“జమ సేసినదాన్ని ఏటి సేత్తారు?”

“తుక్కు వేలంలో పెడతాం. ఏడాదికోసారి.”

ఆ మాట విని పైడమ్మ పాకలోకి వెళ్లి కర్రోడి మెడ చుట్టూ చేతులు వేసింది. “తుక్కులో ఏత్తారా? మడిసన్నోళ్లేనా? డీజిలు ఇంజను నేకపోతే పోనీ. నాను రాయి పట్టుకుంటాను.”

“ఏలంకి ఇంకా ఎనిమిది నెల్లుందే,” అన్నాడు అప్పలసూరి. “అందాకా కర్రోణ్ణి ఆళ్లు ఉంచుకోవాల కదా. ఉంచుకోమను సూద్దాం.”

పైడమ్మ మొగుడి మొహంలోకి చాలాసేపు చూసింది. ఆ తర్వాత పలుపులు విప్పింది.

కార్యాలయంలో రసీదు రాశారు: ‘వాడిన ఇంజన్ ఒకటి, నలుపు, కొమ్ములతో సహా. స్టెప్నీ ఒకటి, ఎరుపు.’ రెండిటినీ జప్తు సామాను పెట్టే గదిలోకి తోలారు. పైడమ్మ పరాంకుశరావుకి జాగ్రత్తలు చెప్పింది. “రెండు పూటలా తవుడు నీళ్లెట్టాల బాబూ. గడ్డి కట్టలు ఇప్పి దులిపి ఎయ్యాల. ఎర్రోడు పక్కన నేకపోతే కర్రోడు ముద్ద ముట్టడు. ఈగలు ముసిరితే తన్నుతాడు.”

“ఇంజన్ కదమ్మా,” అన్నాడు పరాంకుశరావు.

“నాను సెప్పాల్సింది సెప్పీసినాను,” అందావిడ.

మొదటిరోజు మధ్యాహ్నం నుంచి కర్రోడు అరవడం మొదలుపెట్టాడు. సౌదామిని గారు జిల్లా కేంద్రంతో ఫోనులో మాట్లాడుతుంటే, అవతలివాళ్లు “మేడమ్, తర్వాత మాట్లాడండి, ఎవరో ఏడుస్తున్నారు” అన్నారట. గడ్డి కొనడానికి ఏ పద్దు కింద రాయాలో తేలలేదు. చివరికి ‘కందెన నూనెలు’ కింద రాశారు. పైడమ్మ రోజూ గడ్డిమోపుతో గేటు దాకా వచ్చేది గాని, జమ అయిన వస్తువుని యజమాని తాకరాదని వాచ్‌మన్ లోపలికి రానివ్వలేదు. దాంతో గడ్డి దులపడం, తవుడు కలపడం, పేడ ఎత్తడం పరాంకుశరావు మీదే పడ్డాయి. రసీదు మీద సంతకం ఆయనదే మరి.

మూడోరోజు గది తలుపు ఎవరో వేయడం మర్చిపోయారు. ఏడు నిమిషాల సేవ కోసం తెచ్చిన గులాబీలన్నీ కర్రోడు తినేశాడు. ఆ రోజు ఫొటోల్లో జనం చేతిలో ముళ్ల కాడలు పట్టుకుని నవ్వారు.

నాలుగోరోజు పరాంకుశరావు అప్పలసూరికి కబురుపెట్టి పిలిపించాడు. చొక్కా మీద తవుడు మరకలు, ఒంటి చుట్టూ పశువుల వాసన.

“మీ ఎద్దుల్ని… అదే, సదరు ఇంజన్ని తీసుకువెళ్లండి.”

అప్పలసూరి జేబులోంచి రసీదు తీసి, ఎంతో మర్యాదగా తిప్పి చూపించాడు. “జమ సేసిన ఇంజన్ని ఏ పరిస్థితుల్లోనూ యజమానికి తిరిగి ఇవ్వరాదు అని ఎనకాల రాసుందండి. రూలు తప్పితే మీకు మాటొస్తాది బాబూ.”

పరాంకుశరావు చదివాడు. ఆ వాక్యం ఆరేళ్ల కిందట ఆయనే రాశాడు.

ఆ మధ్యాహ్నం సౌదామిని గారు అత్యవసర సమావేశం పెట్టారు. పదిహేను పనిదినాల్లో కావలసింది నలభై నిమిషాల్లో అయింది. డీజిల్ ఇంజను నంబరుని దరఖాస్తులోంచి చూసి గడిలో ఎక్కించారు. ఇక మిగిలింది కర్రోడు. వేలం దాకా ఉంచడానికి ఎవరూ ఒప్పుకోలేదు. యజమానికి ఇవ్వడానికి రూలు ఒప్పుకోలేదు. ఆఖరికి సౌదామిని గారే కలం తీసి ఉత్తర్వు రాశారు. అది ఇప్పటికీ ఆ ఫైల్లో ఉంది:

‘నాలుగు దినముల క్షేత్రస్థాయి పరిశీలన మేరకు, సదరు ఇంజన్ ఎద్దు అని తేలినందున, సదరు ఎద్దును ఇంజన్ల జాబితా నుండి ఇందుమూలముగా తొలగించడమైనది.’

కార్యాలయం నుంచి తొలగించిన ఎద్దుల్ని ఏ బండిలో పంపాలన్నా మళ్లీ వేబిల్లు, మళ్లీ ఫైలు. ఆ మాట ఎత్తే ఓపిక ఎవరికీ లేదు. మర్నాడు పరాంకుశరావు సెలవు చీటీ ఇచ్చి, రెండు పలుపులూ తనే పట్టుకుని, చినపాలెం దాకా ఆరు కిలోమీటర్లు నడిచాడు. సగం దారి దాటాక పలుపు లాగాల్సిన అవసరం రాలేదట. కర్రోడు ఆయన భుజం పక్కనే నడుచుకుంటూ వచ్చాడు.

పైడమ్మ ఎదురు పరిగెత్తి ముందు ఎద్దుల్ని నిమిరింది. తర్వాత మనిషిని చూసింది. అరుగు మీద కూర్చోబెట్టి, చెంబుడు చోడి అంబలి, ఉల్లిపాయ ముక్క ఇచ్చింది. పరాంకుశరావు గటగటా తాగి, సంచిలోంచి కొత్త సి-బుక్కు తీసి అప్పలసూరి చేతిలో పెట్టాడు. వాకిట్లో ఉన్న బండి వైపు చూస్తూ కూర్చున్నాడు.

“ఒకసారి ఆ మూత ఎత్తుతారా?” అన్నాడు చివరికి.

అప్పలసూరి బోనెట్ ఎత్తాడు. పరాంకుశరావు వంగి చూశాడు. జేబురుమాలు తీసి ఇంజను పక్క భాగం మీద నూనె తుడిచి, అక్కడ చెక్కి ఉన్న నంబరు ఒక్కో అంకే వేలితో తడిమి, బుక్కులో దానితో సరిచూశాడు. సరిపోయింది. దాలినాయుడు కొత్తగా వెల్డింగ్ చేసిన పట్టీల్ని ఊపి చూశాడు. కదల్లేదు. “స్టార్ట్ చెయ్యండి,” అన్నాడు. ఇంజను అందుకుంది. ఆయన చెయ్యి దాని మీద ఆనించి, కళ్లు మూసుకుని కొంచెంసేపు విన్నాడు.

“బాగుంది,” అన్నాడు. ఆ ముక్కకి ముందూ వెనకా ఏమీ లేవు.

పైడమ్మ ఉండబట్టలేకపోయింది. “ఆ సోమారమే ఇలగ సూసీసుంటే ఐదు నిమిసాల పని కదా బాబూ?”

పరాంకుశరావు ఆ ప్రశ్నని నిజాయితీగా ఆలోచించాడు. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఎవరేది అడిగినా తప్పించుకున్న మనిషి కాదు ఆయన.

“చూసేవాణ్ణేనమ్మా,” అన్నాడు, రుమాలుతో చేతులు తుడుచుకుంటూ. “కాని ఆ రోజు బండిలో ఇంజన్ లేదు కదా!”

మొగుడూ పెళ్లాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ నవ్వలేదు. పైడమ్మ ఆయన చెంబులో ఇంకాస్త అంబలి పోసింది. జామిగుడలో సొంబరి వాళ్లు కోత మొదలుపెట్టి ఉంటారు. అప్పలసూరి మూత దించి, బండెక్కి, గేరు వేశాడు.